మా తన్మయికి పొలమారిన ఏడాది

ఎవరికైనా తింటూ తాగుతూ పొలమారితే నెత్తిమీద రెండు తట్లు తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అనడం మనకు అలవాటు. ఆ లెక్కన కిందటి ఏడాది మా మనవరాలు తన్మయిని తలుచుకోనివాళ్ళు కృష్ణకు ఈవల ఒక్కరు కూడా మిగిలి ఉండకూడదు. పొద్దున పాలకు పొలమారేది, మధ్యాహ్నం చారన్నానికి పొలమారేది, మజ్జిగకు సరేసరి. ప్రతిసారీ ఎవరో ఒకరం నెత్తిన తట్టేవాళ్ళం. చెరుకుపల్లి బ్యాంకులో కూర్చున్న తండ్రి తలుచుకున్నాడనేవాళ్ళం. తెనాలిలో ఉన్న అమ్మమ్మ, అంటే నేను, తలుచుకుందనేవాళ్ళు. నేను ఎదురుగా కూర్చున్నప్పుడు పొలమారితే, "ఇంకెవరో ఉన్నార్లెండి" అనేవారు మా వియ్యపురాలు.

ఒక దినపత్రికలో చాలా ఏళ్ళు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఆధారం లేని వాక్యం కనబడితే కొట్టెయ్యడమే నా ఉద్యోగం. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం మా ఇంటిల్లిపాదీ నెలల తరబడి అచ్చుకు వదిలేశాం. ఇప్పుడు పిల్ల కుదుటపడింది కాబట్టి రాస్తున్నాను. కొంత నా విసుగు దిగడానికి. కొంత, మీ ఇంట్లోనూ ఏ పిల్లనో రోజూ ఎవరో తలుచుకుంటూ ఉంటే, మీరు మాకన్నా ముందు కళ్ళు తెరుస్తారని.

జూలై, రేపల్లె

తన్మయికి అప్పుడే మూడేళ్ళు నిండాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. నడక ఆలస్యం, మాట ఆలస్యం. కింది పెదవి ఎప్పుడూ కాస్త వేలాడేది, గౌను ముందుభాగం చొంగతో తడిసి ఉండేది. మాటలు ముద్దగా వచ్చేవి. ముద్దొస్తోందని మురిసిపోయాం గాని, నాలుక సరిగా తిరగడం లేదని ఎవరికీ తట్టలేదు.

మా అమ్మాయి శ్రావణి అత్తవారిది అర్చకుల ఇల్లు. వియ్యపురాలు రాజ్యలక్ష్మి గారు గుడికి నైవేద్యం వండే మనిషి. మడి, ఎంగిలి ఆవిడకు నియమాలు కావు, ఊపిరి. ఆ ఇంట్లో గ్లాసుకు పెదవి తగిలించి ఎవరూ నీళ్ళు తాగరు. తల వెనక్కి వంచి, గ్లాసు పైకెత్తి, సన్నని ధారగా గొంతులో పోసుకోవాలి. మా ఇంట్లో కూడా అంతే, కాకపోతే ఆవిడంత ఎత్తునుంచి పోసుకునే నేర్పు మాకు లేదు.

ఆ జూలైలో నేను వెళ్ళేసరికి తన్మయికి ఆ విద్య పట్టుబడింది. భోజనం కాగానే పీటమీద నిటారుగా కూర్చుని, మెడ వెనక్కి వాల్చి, పిట్టపిల్లలా నోరు తెరిచేది. నానమ్మ వెండిగ్లాసుతో పైనుంచి ధార పోసేవారు.

"చూశారా వదినగారూ! మూడేళ్ళకే పెదవి తగలకుండా తాగుతోంది. వీళ్ళ నాన్న బడికెళ్ళే రోజుల్లో కూడా చొక్కా తడుపుకునేవాడు."

నేను చప్పట్లు కొట్టాను. పిల్ల దగ్గింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నానమ్మ నెత్తిన తట్టారు.

"నాన్న తలుచుకున్నాడమ్మా, చెరుకుపల్లిలో!"

తిండి పెట్టడం ఇంకో యాతన. శ్రావణి గిన్నె పట్టుకుని వీధిలో కాకుల్ని, కుక్కల్ని, ఎదురింటి మేకని చూపిస్తూ తిరిగేది. ముద్ద బుగ్గన పెట్టుకుని పిల్ల అలా చూస్తూ ఉండేది. మింగదు, ఉమ్మదు. మెత్తగా నలిపి, జావలా చేసి, వడగట్టి పెడితే సగం పెదవుల సందునుంచి బయటికి వచ్చేది. మొహం చిక్కిపోయి చెవులకున్న పోగులు పెద్దవిగా కనబడసాగాయి.

"ఇదేం తిండే శ్రావణీ? ఒకసారి డాక్టరుకి చూపించరాదూ?" అన్నాను.

"చూపించానమ్మా. బలానికి టానిక్ రాసిచ్చాడు. అది తాగితే కూడా పొలమారుతోంది" అంది.

సెప్టెంబరు, తెనాలి

వినాయక చవితి వెళ్ళిన వారానికి జ్వరం వచ్చింది. డొక్కలు ఎగరేస్తోందని అల్లుడు శ్రీకాంత్ ఫోన్ చేశాడు. రేపల్లెనుంచి కారు మాట్లాడుకుని తెనాలి తీసుకొచ్చారు. నెమ్ము చేసిందన్నారు. పిల్లల ఆసుపత్రిలో చేర్చాం. నాలుగు రోజుల్లో ఇంటికి పంపారు. మళ్ళీ చూపించడానికి వెళ్ళి హాల్లో కూర్చోవడం మొదలుపెట్టాక నాకు అసలు జబ్బు తెలిసింది. ఆ జబ్బు పేరు సలహా.

గోడమీద టీవీ అరుస్తుంటే దాన్ని మించి అరుస్తూ జనం పిల్లకు వైద్యం చేశారు. దిష్టి తీయించారా అని ఒకావిడ. చిన్నప్పుడు వస పొయ్యలేదా అని ఇంకొకావిడ. నాలుక కింద నరం కోయించెయ్యండి, మా తోడికోడలి కొడుక్కి అదే చేశారని ఒక పెద్దమనిషి. ఒక ముసలాయన ఏకంగా లేచొచ్చి, పిల్ల నోట్లోకి తొంగిచూసి తీర్పు చెప్పాడు.

"కొండనాలుక జారిందమ్మా. ఉప్పూ మిరియాల పొడీ వేలికి రాసుకుని పైకి నొక్కితే సరి."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత ఉంది కదండీ" అన్నాను.

"అది వేరే నాలుక" అన్నాడాయన, తడుముకోకుండా.

ఆ హాల్లో కూర్చున్నంతసేపూ నా చెయ్యి ఎర్రసిరా కలం కోసం వెతుక్కుంటూనే ఉంది.

డాక్టరు గారు తక్కువ మాటల మనిషి. ఎక్స్‌రే దీపానికి ఆనించి చూశారు, పిల్లచేత చెంచాతో కాసిని పాలు తాగించి మెడమీద చెయ్యి వేసి చూశారు.

"ఇది జలుబు చేసి వచ్చిన నెమ్ము కాదండి. తాగింది లోపలికి పోతోంది."

"లోపలికే కదండీ పోవాల్సింది?" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"పొట్టలోకి పోవాలమ్మా. ఊపిరితిత్తుల్లోకి పోతోంది."

ఆవిడ చప్పున పిల్లని దగ్గరికి లాక్కున్నారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. నాలుక కూడా చేతిలాగా కాలులాగా కండరమే. పెదవులు, బుగ్గలు అన్నీ కండరాలే. పెదవులు మూసుకోవాలి, నాలుక ముద్దని పోగుచేసి వెనక్కి నెట్టాలి, అదే క్షణంలో ఊపిరి దారి మూతపడాలి. అప్పుడే మింగడం. మా పిల్లకి పెదవులూ నాలుకా బలం తక్కువ, కదలిక నిదానం. నాలుక సిద్ధమయ్యేలోపే నీళ్ళు జారిపోతాయి. ముద్ద కాస్త ఆగుతుంది గాని, నీళ్ళు ఎవరికోసమూ ఆగవు. నోటిలోపల ఇంత కార్యక్రమం నడుస్తోందని ఈ వయసుదాకా నాకు తెలియదు.

"బాపట్లలో ఒక ఆసుపత్రికి వారానికోసారి స్పీచ్ థెరపిస్ట్ వస్తారు. వెళ్ళి కలవండి" అన్నారు.

బయటికి రాగానే రాజ్యలక్ష్మి గారు ఆగిపోయారు. "పిల్లకి మింగుడు పడకపోతే మాటల డాక్టరేంటి వదినగారూ? కాలు విరిగితే కళ్ళద్దాలు ఇచ్చినట్టుంది."

నిజం చెప్పాలంటే నాక్కూడా అలాగే అనిపించింది. మాట్లాడే నాలుకే మింగే నాలుక అని తెలియడానికి ఇంకో నెల పట్టింది.

నవంబరు, బాపట్ల

వాళ్ళు రేపల్లెనుంచి చెరుకుపల్లి మీదుగా బస్సులో వచ్చేవాళ్ళు. నేను మావారికి వంటిల్లు అప్పగించి తెనాలినుంచి రైల్లో వెళ్ళేదాన్ని. ముందు ఎవరు చేరితే వాళ్ళు వరండాలో బెంచీ పట్టుకోవాలి. థెరపిస్ట్ ప్రశాంతి గుంటూరునుంచి రావాలి. ఆ అమ్మాయి ఎక్కిన రైలు ఏనాడూ వేళకు రాలేదు.

ఆ వరండాలోనే మాకు నాగమణి పరిచయమైంది. సముద్రం ఒడ్డు పల్లెనుంచి వచ్చే మనిషి. భర్త పడవమీద వేటకెళ్తాడు. ఆరేళ్ళ కొడుకుని చంకనెత్తుకుని వచ్చేది. ఆ పిల్లాడికి మెడ నిలవదు. మేం రావడం చూడగానే బెంచీమీద తన సంచి జరిపి పిలిచేది.

"పిన్నిగారూ, ఇటొచ్చేయండి. ఫేను ఇక్కడొక్కటే తిరుగుద్ది."

"మేడం ఇంకా రాలేదామ్మా?"

"ఎక్కడండీ! ఆ రైలుకి కూడా పొలమారినట్టుంది."

రాజ్యలక్ష్మి గారు మొదటి వారం ఆ బెంచీకి బెత్తెడు దూరంలో నిలబడ్డారు. రెండో వారం అంచున కూర్చున్నారు. మూడో వారం నాగమణి కొడుకు తల తన భుజానికి ఆనించుకుని విసనకర్రతో విసురుతున్నారు. అడిగితే, "పాపం ఆ పిల్ల మాత్రం ఎంతసేపని మొయ్యగలదు?" అన్నారు.

ప్రశాంతి మా అమ్మాయి ఈడుది. మొదటిరోజే మమ్మల్ని అందరినీ వరసగా కూర్చోబెట్టింది.

"ఇప్పుడు మీరంతా నోరు తెరిచి పెట్టుకుని, పెదవులు కలపకుండా, ఉమ్మి మింగండి చూద్దాం."

శ్రావణి కళ్ళు తేలేసింది. నేను ప్రయత్నించి దగ్గాను. శ్రీకాంత్ గొంతు పట్టుకుని నవ్వేశాడు.

"ఎంత కష్టమో చూశారా? పాపకి ప్రతి గుక్కా ఇంతే" అంది ప్రశాంతి.

"నాకేం కష్టం లేదే!" అన్నారు రాజ్యలక్ష్మి గారు. మళ్ళీ చేసి చూపించారు కూడా, నోరు బార్లా తెరిచి. "చిన్నప్పటినుంచీ వచ్చు నాకు."

అందరం నవ్వాం. ఎలా వచ్చిందని ఎవరం అడగలేదు.

పనులు పురమాయించింది. పెదవుల మూలల్లో బెల్లంపాకం రాసి నాలుకతో నాకించడం. కాగితం ముక్కల్ని ఊదించడం. చెంచాని నాలుకమీద కాస్త నొక్కి, పెదవులు తనే మూసేదాకా ఆగి బయటికి తీయడం. పాలూ మజ్జిగా పల్చగా ఇవ్వకుండా రాగిజావతోనో సగ్గుబియ్యం గంజితోనో చిక్కబరచడం. చివరికి కొన్ని ప్రశ్నలు.

"కూర్చోబెట్టే తాగిస్తున్నారా?"

"కూర్చోబెట్టేనండి" అంది శ్రావణి.

"దేంతో తాగుతుంది?"

"గ్లాసుతోనండి" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

రెండూ నిజాలే. పేపర్లో కూడా ఇలాంటి వార్తలు చాలా చూశాను. ఒక్క అబద్ధం ఉండదు, అసలు సంగతీ ఉండదు.

జనవరి, మళ్ళీ తెనాలి

రెండు నెలల్లో ముద్ద మింగడం బాగుపడింది. బుగ్గన దాచుకోవడం తగ్గింది. చొంగ తగ్గింది. ‘ల’ స్పష్టంగా పలికిన రోజున శ్రావణి ఫోన్లో ఏడ్చింది. కాని తాగేటప్పుడు దగ్గు మాత్రం తగ్గలేదు. జావ చిక్కగా ఉన్నా దగ్గే, గంజి ఇచ్చినా దగ్గే. బాపట్లలో ప్రశాంతి మాత్రం చెంచాతోనే పట్టి చూసేది.

ఇక ఇంట్లో అనుమానాలు మొదలయ్యాయి. అత్తాకోడళ్ళ మధ్య నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజినయ్యాను.

"అమ్మా, నేను స్నానానికెళ్తే చాలు, ఆవిడ పిల్లకి పల్చటి మజ్జిగ పోసేస్తున్నారని నా అనుమానం."

అది పెట్టెయ్యగానే ఇంకోటి. "వదినగారూ, మీ అమ్మాయి నన్ను దొంగలా చూస్తోంది. ఆ బాపట్ల అమ్మాయి చెప్పినట్టు చెంచాకి అంటుకునేలా కలుపుతున్నాను గంజి. ఇంకా నన్నేం చెయ్యమంటారు? నైవేద్యమైనా ఇంత శ్రద్ధగా వండలేదు నేను."

ఇద్దరూ నిజమే చెబుతున్నారని నాకు గట్టి నమ్మకం. అదే విసుగు. అబద్ధమైతే పట్టుకోవచ్చు.

సంక్రాంతి ముందు పిల్లకి మళ్ళీ నెమ్ము చేసింది. ఈసారి ఆక్సిజన్ పెట్టారు. ఆ బుల్లి మొహానికి ఆ ముసుగు చాలా పెద్దది. శ్రావణి మంచం దగ్గరనుంచి కదల్లేదు. శ్రీకాంత్ వరండాలో నిలబడి ఫోను చూస్తున్నట్టు నటించాడు. రాజ్యలక్ష్మి గారు పెళ్ళైనప్పటినుంచీ మొదటిసారి సంక్రాంతికి గుడి నైవేద్యం వండలేదు. ఆసుపత్రి మెట్లమీద కూర్చున్నారు.

డాక్టరు గారు మమ్మల్ని గదిలోకి పిలిచారు.

"రెండుసార్లైంది. ఊపిరితిత్తులు ఇలా ప్రతిసారీ దెబ్బ తినకూడదు. మూడోసారి వచ్చిందంటే నోటిద్వారా ఇవ్వడం ఆపేసి ముక్కుగొట్టం పెట్టాల్సి వస్తుంది. అదీ చాలాకాలం ఉంచలేం. అప్పుడు పొట్టకి చిన్న ఆపరేషన్ చేసి గొట్టం అమర్చాలి."

"ఎన్నాళ్ళండీ?" అంది శ్రావణి.

"చెప్పలేనమ్మా."

గొట్టంతో బతికే పిల్లలు ఉంటారు. దాంతోనే కోలుకున్నవాళ్ళూ ఉంటారు. అది శిక్ష కాదని ఆయన చాలాసేపు చెప్పారు. అవన్నీ బుర్రకి ఎక్కాయి. కాని అప్పుడప్పుడే బెల్లంపాకం నాకడం నేర్చుకుని, పకోడీల వాసనకి వంటింట్లోకి పరిగెత్తే పిల్ల నోటికి తాళం వెయ్యడమన్న ఊహ మాత్రం ఎవరి గొంతూ దిగలేదు.

మార్చి, బాపట్ల

ఎండలు ముందే వచ్చేశాయి. ఆ వేళ వరండాలో ఫ్యాను కూడా తిరగడం లేదు, కరెంటు లేదు. ప్రశాంతి వేళకే వచ్చింది గాని లోపల నాగమణి కొడుకుని చూస్తోంది. తన్మయిని ఇక విజయవాడ పంపి, మింగుతుండగా ఎక్స్‌రేలో చూసే పరీక్ష చేయిద్దామని అంతకుముందు వారమే చెప్పింది. నేను గోడకి చేరబడి, ఈ ప్రయాణాలకూ ఈ వరండాలకూ ఈ ఎదురుచూపులకూ అంతెక్కడని లోలోపల తిట్టుకుంటున్నాను.

రాజ్యలక్ష్మి గారికి దాహం వేసింది. బయటి నీళ్ళు ముట్టరు కాబట్టి ఇంటినుంచి మరచెంబు తెచ్చుకుంటారు. మూత తిప్పి, తల వెనక్కి వాల్చి, చెంబు జానెడు పైకెత్తి ధారగా పోసుకున్నారు. నోరు తెరిచే ఉంది. గొంతు ఆడుతోంది. ఒక్క చుక్క జారలేదు.

"నాకూ!" అంది తన్మయి.

"నీకు నీళ్ళు కాదమ్మా, గంజి ఉంది." సంచిలోంచి గంజి సీసా తీసి, గ్లాసులోకి వంపారు. పిల్ల బెంచీమీద చక్కగా నిటారుగా కూర్చుంది, మెడ వెనక్కి వాల్చింది, నోరు ఆకాశానికి తెరిచింది. ఆవిడ పైనుంచి సన్నగా పోశారు. గంజి చిక్కగానే ఉంది. ప్రశాంతి చెప్పినంత చిక్కగా. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. దగ్గింది. మళ్ళీ దగ్గింది.

"ఎవరే నిన్ను తలుచుకునేది?" నెత్తిన తట్టారు.

గుమ్మంలో ప్రశాంతి నిలబడి ఉంది. నాగమణిని పంపించడానికి వచ్చినట్టుంది. అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, ఇంట్లో కూడా ఇలాగే పోస్తారా?"

"ఇంకెలా పోస్తాం? ఎంగిలి చెయ్యనిస్తామా?"

"మొదటినుంచీ?"

"మూడేళ్ళు నిండేసరికి నేర్పేశాను. ఎంత బాగా పట్టుకుందో!"

ప్రశాంతి వచ్చి నేలమీద పిల్ల ఎదురుగా కూర్చుంది. పెద్దగా ఏమీ అనలేదు. తల వెనక్కి వాలిస్తే ఊపిరి దారి బార్లా తెరుచుకుంటుందని, నాలుకకి ఆపే అవకాశమే ఉండదని చెప్పింది. మీ నాలుక అరవయ్యేళ్ళు సాధన చేసింది కాబట్టి వెనకాల గొంతుని మూసి పట్టుకోగలదు, పాపకి అసలు నాలుకే ఇంకా పూర్తిగా స్వాధీనం కాలేదు అంది. గెడ్డం కిందికి ఉండాలి, పెదవులు గ్లాసు అంచుని పట్టుకోవాలి, చిన్న గుక్క తీసుకోవాలి. పెదవులకి పని దొరికేది అక్కడే.

"ఇన్నాళ్ళూ మీరు నాకెందుకు చెప్పలేదండీ?" అని నావైపు తిరిగింది.

"నువ్వడగలేదమ్మా" అన్నాను. వినడానికి పొగరుగా ఉన్నా నా దగ్గర అదొక్కటే జవాబు. "నేనూ ఎత్తిపోసుకునే తాగుతాను. మా చుట్టాలందరూ అలాగే తాగుతారు. గాలి పీల్చడం ఎలాగో ఎవరికైనా చెబుతామా?"

ఆ అమ్మాయి నుదురు కొట్టుకుంది. "నేనూ అలాగే తాగుతానండి. నాకూ తట్టలేదు."

రాజ్యలక్ష్మి గారు గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే ఉన్నారు.

"అయితే ఇన్నాళ్ళూ... నా చేత్తోనా?"

శ్రావణి వెళ్ళి ఆవిడ చేతిలోంచి గ్లాసు తీసుకుని కింద పెట్టింది. "మీరు తెలిసి చేశారా అత్తయ్యా" అంది. నెలల తర్వాత ఆ పిల్ల అత్తగారితో అంత మెత్తగా మాట్లాడటం నేను విన్నాను.

ఏప్రిల్, రేపల్లె

కారణం తెలిసింది కాబట్టి కథ కంచికి చేరుతుందనుకున్నాను. చేరలేదు. పెదవి తగిలించి తాగవే అని గ్లాసు అందిస్తే తన్మయి మొహం తిప్పుకుంది.

"ఛీ! ఎంగిలి!"

మూడేళ్ళ మడిమనిషి. వెండిగ్లాసు, స్టీలు గ్లాసు, బొమ్మల గ్లాసు అన్నీ ఛీ. స్ట్రా పెడితే దాన్నీ ఛీ అంది. తల్లి తాగి చూపిస్తే, "అమ్మ బ్యాడ్" అంది. నేను తాగి చూపిస్తే నవ్వింది, అమ్మమ్మ తెనాలి మనిషి, ఏమైనా చేస్తుందన్నట్టు. చెంచాతో పట్టేది ఎంతకీ చాలడం లేదు. ఎండలు మండుతున్నాయి. పిల్ల పెదవులు ఎండి చీలాయి. "తాగడం బాగా తగ్గిందంటే ఆగొద్దు, తీసుకొచ్చెయ్యండి" అన్నారు డాక్టరు గారు ఫోన్లో. అంటే మళ్ళీ గొట్టం మాటే. నేను తెనాలి వెళ్ళడం మానుకుని అక్కడే ఉండిపోయాను.

ఆ మధ్యాహ్నం రాజ్యలక్ష్మి గారు గుడినుంచి వచ్చి, వంటింటి గడప దగ్గర కూర్చున్నారు. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. శ్రావణీ నేనూ పక్కనే ఉన్నాం. వెండిగ్లాసులో మజ్జిగగంజి. పిల్ల అలవాటుగా మెడ వెనక్కి వాల్చబోతే గెడ్డం పట్టుకుని ఆపారు.

"నన్ను చూడు."

గ్లాసు రెండు చేతులా పట్టుకున్నారు. కాసేపు దాని అంచువైపే చూశారు. నేను అక్కణ్ణుంచి లేచిపోదామనుకున్నాను. ఒక మనిషి జన్మలో చెయ్యని పని చేస్తుంటే గుడ్లప్పగించి చూడటం మర్యాద కాదు. కాని ఉద్యోగ బుద్ధి పోదు, చూశాను. గెడ్డం కిందికి దించి, పెదవులు గ్లాసుకి ఆనించి, చిన్న గుక్క తీసుకున్నారు. అది కూడా సరిగా రాలేదు. మూతిమీద మజ్జిగ అంటుకుంది.

"నానమ్మా, ఎంగిలి!" పిల్ల కేకపెట్టింది.

"అవునే. ఎంగిలే. నేను చేశాను. నువ్వూ చెయ్యి."

"దేవుడు కొడతాడు."

"దేవుడికి వండేది నేనే. నేను చెప్పుకుంటాలే."

పిల్ల ఆవిడ మూతివైపు చూసింది, గ్లాసువైపు చూసింది. ముందుకు వంగి, నానమ్మ పెదవి తగిలిన చోటే తన పెదవి పెట్టింది. గుక్క. కింద గౌనుమీద సగం పోయింది. మిగతా సగం లోపలికి వెళ్ళింది. మేం ముగ్గురం దగ్గుకోసం ఎదురుచూశాం. పెరట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.

శ్రావణి గోడవైపు తిరిగిపోయింది. రాజ్యలక్ష్మి గారు లేచి, పెరట్లోకి వెళ్ళి నోరు పుక్కిలించి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, నెత్తిన నీళ్ళు చల్లుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నారు. "ఇంకో గుక్క" అన్నారు. ఆ రోజంతా అంతే. ప్రతి గుక్కకీ ఆవిడ ఒక గుక్క, ఒకసారి పెరట్లోకి. సాయంత్రానికి చీర అంచు తడిసి ముద్దైంది. నాకు జాలీ వేసింది, చికాకూ వేసింది. "ఒకేసారి చివర్లో కడుక్కోకూడదా వదినగారూ?" అన్నాను.

"నా దారిన నన్ను పోనివ్వండి" అన్నారు.

ఇప్పుడు

ఏడాది తిరిగి మళ్ళీ జూలై వచ్చింది. అంతా అయిపోయిందని రాయలేను. జ్వరం వస్తే ఇంకా పిల్ల డొక్కలవైపే చూస్తాం. పల్చటి నీళ్ళు ఇప్పుడిప్పుడే, అదీ బుల్లి గుక్కలుగా. విజయవాడలో పరీక్ష చేయించాం, గెడ్డం దించి తాగినప్పుడు దారి తప్పడం లేదన్నారు. తెనాలి డాక్టరు గారు ఛాతీమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "గొట్టం సంగతి ఇప్పుడు మాట్లాడొద్దు" అన్నారు. ఇప్పుడు అన్న మాటమీద నాకు కోపం వచ్చింది గాని, ఆయన జాగ్రత్త మనిషి. నాగమణి కొడుక్కి మెడ కాస్త నిలుస్తోంది. మాకు బాపట్ల ప్రయాణాలు తగ్గాయి. ఆ బెంచీమీద మా చోటు ఇంకా ఉంచుతున్నానని నాగమణి కబురు చేసింది.

తెనాలి ఆసుపత్రి హాల్లో మొన్న కూడా ఒక పిల్లాడు నీళ్ళు తాగుతూ దగ్గుతుంటే తల్లి నెత్తిన తట్టింది. నేను లేచి వెళ్ళి పక్కన కూర్చున్నాను. చూశారా, ఆ హాలు ఎలాంటిదో, చివరికి నన్ను కూడా సలహాలిచ్చే మనిషిని చేసింది. ఒక్కటే చెప్పాను. "ఎప్పుడో ఒకసారి పొలమారితే ఎవరో తలుచుకున్నారనుకోండమ్మా. రోజూ పొలమారుతుంటే తలుచుకోవాల్సింది మీరు. డాక్టరుకి చెప్పండి. ఎలా తాగిస్తారో చెప్పడం కాదు, అక్కడే తాగించి చూపించండి."

నిన్న రాజ్యలక్ష్మి గారు ఫోన్ చేశారు, గొంతులో మండిపాటు.

"వదినగారూ, మీ మనవరాలు నన్ను బతకనిచ్చేలా లేదు. సగం గ్లాసు తాను తాగి, మిగతా సగం నన్ను తాగమంటోంది. అదే గ్లాసు!"

"వద్దనలేకపోయారా?"

"ఎలా అంటానండీ? ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. గెడ్డం కిందికి పెట్టు నానమ్మా అంటుంది. నేను మింగేదాకా నా గొంతువైపే చూస్తుంది."

"తాగారా మరి?"

"తాగక!" అన్నారావిడ. "పొలమారకుండా తాగానని చప్పట్లు కూడా కొట్టింది."